మా తరువాత ఎవరు?

భాగవత పంచమస్కంధమునందలి జడభరతోపాఖ్యానమును మనవారు తరతరములుగా వైరాగ్యబోధకముగానే చదువుచు వచ్చిరి. రాజ్యము విడిచి తపోవనమున నున్న భరతుడు ఒక లేడిపిల్లపై పెంచుకొన్న మమకారముచేత లేడియై పుట్టుటయు, ఆ పిమ్మట నొక విప్రుని యింట జన్మించి, మరల సంగదోషమున పడుదునేమో యను భీతిచే ఉన్మత్తునివలెను జడునివలెను అంధబధిరునివలెను లోకమునకు కానవచ్చుటయు, తుదకు సింధుసౌవీర ప్రభువైన రహూగణుని పల్లకి మోయుచు ఆ రాజునకే తత్త్వోపదేశము చేయుటయు మనకు జ్ఞాపకముండు కథ. తెలుగున ఆ స్కంధమును రచించిన గంగన చేతిలోను కథ చేరు గమ్యమిదియే. కాని రహూగణుడు ప్రవేశింపకముందు అచట నొక గృహస్థుని యింటి కథ నడచినది. పౌరాణికులు దానిని రెండు మాటలలో దాటివేయుదురు. శ్రోతలును పల్లకి యెప్పుడు వచ్చునా యని ఎదురుచూతురు. నాకు మాత్రము ఉపదేశముకంటె ఆ యింటి కథయే పెద్ద ప్రశ్నగా తోచును.

ఆ విప్రునకు ఇద్దరు భార్యలు. పెద్దభార్యకు తొమ్మండుగురు కొడుకులు; చిన్నభార్యకు కవలలుగా ఒక కొడుకు, ఒక కూతురు. ఆ కొడుకే భరతుడు. లోకమంతయు జడుడని తీసివేసిన ఆ బిడ్డను తండ్రి తీసివేయలేదు. కాలము తప్పకుండ ఉపనయనము చేసినాడు. వసంత గ్రీష్మములు నాలుగు నెలలును ప్రక్కన కూర్చుండబెట్టుకొని గాయత్రి నేర్పబూనినాడు. శౌచము, ఆచమనము, వ్రతనియమములు ఒకదాని వెనుక నొకటి చెప్పిచూచినాడు. ఏదియు పట్టుబడలేదు. కొడుకునకు నేర్పవలసినవాడు తండ్రియే యను పట్టుదలతో ఆయన ఇంకను నేర్పుచుండగనే, కోరిక తీరకయే, మృత్యువు కొనిపోయినది. చిన్నభార్య కవలలను సవతి చేతిలో నుంచి భర్తతో సహగమనము చేసినది. తరువాతి సంగతిని మూలకారుడు దాచలేదు. అన్నలు తమ్మునికి చదువు మాన్పించిరి, పొలము పనికి పంపిరి, నూకలు, తవుడు, తెలకపిండి, పురుగుపట్టిన గింజలు, కుండకంటిన మాడు పెట్టిరి. ఆ యన్నలు క్రూరులని పురాణము చెప్పదు. వారి బుద్ధి వేదవిద్యయందే నిలిచి, అంతకు మించినదానిని ఎరుగదని మాత్రము చెప్పును. ఆచారవంతులైన విద్యావంతుల యింటనే ఇది జరిగినదన్న మాట నిందకంటె పదునైనది.

ఆ కవలసోదరి యేమైనదో పురాణమెక్కడను చెప్పలేదు. సంబంధము చూడవచ్చినవారు తమ్ముని చూచి లేచిపోయిరో, ఆమెయే అన్నలకు తెలియకుండ వానికి పిడికెడు అన్నము పెట్టినదో, మనకు తెలియదు. ఇట్టి బిడ్డలున్న యిండ్లలో తోబుట్టువుల చరిత్ర నేటికిని ఎవరును వ్రాయరు.

తండ్రి పోయినాడు, తల్లి పోయినది, బిడ్డ మిగిలినాడు. బుద్ధిమాంద్యముతోనో, ఆటిజముతోనో, మస్తిష్క పక్షవాతముతోనో, డౌన్ సిండ్రోముతోనో పెరుగుచున్న బిడ్డ గల ప్రతి యింటిలోను రాత్రివేళ తల్లిదండ్రులను నిద్రపోనీయని ఊహ యిదియే. 2011 జనాభా లెక్కలలో బుద్ధిమాంద్యము గలవారిగ నమోదైనవారే మన దేశమున 15 లక్షలకు పైబడియున్నారు; లెక్కల అధికారికి చెప్పక లోపలి గదిలో నుంచినవారు వేరు. “మేం పోయాక వీణ్ణెవరు చూస్తారు?” అని తండ్రి అడుగును. తల్లి అంతకంటె దారుణమైన మాట అనును: “నాకంటే ఒక్కరోజు ముందు వీడు పోతే చాలండీ.” కన్నకొడుకు మరణమును వరముగ కోరు స్థితికి తల్లిని తెచ్చిన సమాజము ఏ దేవునికి ఎన్ని బ్రహ్మోత్సవములు చేసినను ఆ కోరికకు సమాధానము చెప్పుకొనవలసియే యుండును.

ఇక్కడ పురాణమును ఎదిరించి ప్రశ్నింపక తప్పదు. పొలము కాయుచున్న భరతుని ఒక దొంగల నాయకుడు సంతానార్థియై భద్రకాళికి బలియీయ కొనిపోయినపుడు, దేవి విగ్రహమునుండి వెడలి ఆ దొంగలనే వధించినది. వాని బ్రహ్మతేజస్సును ఆమె సహింపలేకపోయినదని కారణము చెప్పబడినది. రహూగణుడు పల్లకి దిగి వాని పాదములపై పడినాడు. వాని నోట వేదాంతము వెలువడుటయే అందులకు కారణము. జడుడుగ నున్నంతకాలము వానికి దక్కినది మాడు. జ్ఞాని యని తేలిన పిమ్మట దక్కినది నమస్కారము. మరి లోపల ఏ జ్ఞానియు దాగియుండని బిడ్డ మాట యేమి? పదేండ్లు నేర్పినను తన పేరు తాను చెప్పలేని బిడ్డను కాపాడుటకు దేవి యే తేజస్సును చూచి దిగిరావలెను?

ఇట్టి బిడ్డలలో ఏదో దివ్యశక్తి మరుగుపడియున్నదని తల్లిదండ్రుల నోదార్చువారు పెక్కుమంది. వారి హృదయము మంచిదే. కాని ఆ యోదార్పులో నొక షరతు దాగియున్నది: ఏదో ఒక శక్తి బయటపడవలెను, చిత్రలేఖనమో, సంగీతమో, తేదీలు చెప్పు నేర్పో కనబడవలెను, అది కనబడనినాడు బిడ్డ మరల మాడునకే అర్హుడగును. పంచతంత్రమున విష్ణుశర్మ ఆరు నెలలలో ముగ్గురు మందబుద్ధులైన రాకుమారులను నీతికోవిదులను చేసినాడని యీ సందర్భమున తరచుగ ఉదహరింతురు. ఆరు నెలలలో బాగుచేసెదమను ప్రకటనలు నేడును గోడలపై కానవచ్చుచున్నవి గనుక ఆ ఉదాహరణము వీరియెదుట చెప్పకుండుటయే మేలు.

బిడ్డ విలువకు బుద్ధితో పనిలేదని చెప్పుటకు మన దర్శనములలో వేరొక గట్టి ఆధారము కలదు. సాంఖ్యమున బుద్ధి ప్రకృతి యొక్క తొలి పరిణామము, ప్రకృతివలెనే అచేతనము. అద్వైతమున అంతఃకరణము సూక్ష్మభూతముల కార్యము. చైతన్యము ప్రతిఫలించుటచేతనే అది వెలుగును. ఈ సిద్ధాంతమును నోటితో కాక మనసుతో అంగీకరించినచో, నాలుగు శాస్త్రములు చదివిన పండితుని బుద్ధియు, అన్నము కలుపుకొనుట నేర్వని బిడ్డ బుద్ధియు సమానముగ జడములే. ఒకటి నునుపుదేలినది, మరియొకటి కానిది, అంతియే భేదము. మాండూక్యము మూడవ పాదముగ నిరూపించిన సుషుప్తిలో ఆ నునుపుకూడ లయించును. ప్రతిరాత్రియు పండితుడును ఆ బిడ్డయు భేదము లేని యొకే స్థితిలో నుందురు. కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, ఆత్మను రథికునిగను చెప్పినది. సారథి వివేకహీనుడైనచో గమ్యము దొరకదని ఆ యుపనిషత్తే చెప్పిన మాట నిజము. కాని అచట కోరబడిన వివేకము ఇంద్రియములను నిగ్రహించు శక్తి. లెక్కలు కట్టు నేర్పు కాదు. ఆ శక్తి లేని సారథులు విశ్వవిద్యాలయములలో కొల్లలుగ నున్నారు. వారి రథికుని గౌరవమునకు ఎవరును లోటు చేయుటలేదు.

ఇంతవరకు వాదము నడచును. అయినను దీనితో నాకు సంపూర్ణమైన తృప్తి లేదు. ఆత్మ ఒక్కటే యని పలుకుటకు ఖర్చు లేదు. పరమార్థదశలో సమానుడైన ఆ బిడ్డకు వ్యవహారదశలో స్నానము చేయించువారు, మూర్ఛ వచ్చినపుడు ప్రక్కకు తిప్పి పరుండబెట్టువారు, నెలసరి వచ్చిన ఆడపిల్లకు శుభ్రత నేర్పువారు కావలెను. వేదాంతము ఆ పనులలో ఒక్కటియు తానై చేయదు. చేయనివాడు తప్పించుకొనుటకు మాత్రము కర్మసిద్ధాంతమను ద్వారము తెరచియుంచినారని లోకము భావించును.

ఆ సిద్ధాంతము ఎందులకు పుట్టినదో చూడవలెను. బ్రహ్మసూత్రములందు ద్వితీయాధ్యాయ ప్రథమపాదమున, లోకమున ఒకరు సుఖులు, ఒకరు దుఃఖులుగ నుండుటచే ఈశ్వరునకు పక్షపాతమును నిర్దయయు అంటునా యన్న ప్రశ్నను సూత్రకారుడు ఎత్తుకొని, ఈశ్వరుడు ప్రాణుల కర్మను అపేక్షించియే సృష్టించును గనుక ఆ దోషము లేదని తీర్చినాడు. శంకరులు దానిని విస్తరించినారు. అనగా ఆ వాదము ఈశ్వరుని అపవాదమునుండి విడిపించుటకు పుట్టినది. మనము దానిని మనలను కర్తవ్యమునుండి విడిపించుకొనుటకు వాడుకొంటిమి. నీళ్ళరేవులోను, పెండ్లిపందిరిలోను, బస్సులోను తల్లిని చూచి “ఏ జన్మలో ఏం చేసుకుందో” అనువారికి ఆ సూత్రముతో ఏ సంబంధమును లేదు. క్రైస్తవుల యోహాను సువార్తయందును, పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇది వాని పాపమా, తల్లిదండ్రుల పాపమా యని అడుగగా, ఇరువురిదియు కాదని యేసు చెప్పినట్లున్నది. ప్రశ్న అన్ని మతములవారి నోటను ఒక్కటియే.

కారణమును వెదకదలచినవారికి దగ్గరి కారణములు చాల కలవు. డౌన్ సిండ్రోము గలవారికి ఇరువదియొకటవ క్రోమోజోము అదనముగ నుండునని 1959లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జెరోమ్ లెజూన్ మొదలైనవారు ప్రకటించిరి. ప్రసవము ఆలస్యమై శిశువునకు ఊపిరి అందకపోవుట, గర్భిణికి అయోడిను చాలకపోవుట, పుట్టుకతో థైరాయిడు లోపించుట మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. ఈ చివరిదానిని తొలి వారములలోనే రక్తపరీక్షచే గుర్తించి మాత్రలిచ్చినచో బిడ్డ మామూలుగ ఎదుగును. మేనమామకు మేనకోడలినిచ్చు మన యలవాటున కొన్ని వంశపారంపర్య లోపములు బయటపడు నవకాశము హెచ్చును. ఇవన్నియు కర్మఫలమే యని ఆస్తికుడు అనవచ్చును. ఆ మాటను ఖండింప నెవ్వరికిని సాధ్యము కాదు. మాత్ర వేయుటయు కర్మలోనిదే కదా యని అడుగుటకు మాత్రము వీలున్నది.

ఇక ధర్మశాస్త్రము. మనువు తొమ్మిదవ అధ్యాయమున, జన్మాంధుడు, బధిరుడు, ఉన్మత్తుడు, జడుడు, మూగవాడు మొదలగువారికి పిత్రార్జితమున అంశము లేదన్నాడు. వెంటనే, వారికి జీవితాంతము శక్తికొలది గ్రాసాచ్ఛాదనములు, అనగా కూడును గుడ్డయు, ఈయవలసినదే యనియు, ఈయనివాడు పతితుడగుననియు విధించినాడు. కౌటిల్యుని అర్థశాస్త్రమును ఇంచుమించు ఇట్లే చెప్పును. ఈ రెండు వాక్యములలో మొదటిదానిని మాత్రము చదివి స్మృతిని తిట్టువారును, రెండవదానిని మాత్రము చదివి పొగడువారును కలరు. రెండును కలిపి చదివినవానికి భరతుని అన్నలు కనబడుదురు: వారును గ్రాసము పెట్టిరి, ఆ గ్రాసమే మాడు. అంశము లేనివానికి గ్రాసము యొక్క నాణ్యమును నిర్ణయించువాడు పెట్టువాడే. అందుచేతనే, ఇట్టివారికి చేయు సహాయము దానమని తలచుట నాకు సమ్మతము కాదు. దాతకు పుణ్యము, పుచ్చుకొనువానికి అణకువ మిగులును. ఇది తీర్చవలసిన ఋణము, పంచియీయవలసిన వాటా.

ఆ వాటాకొరకు చట్టము నడచిన నడక మిక్కిలి నెమ్మదియైనది. 1928లో ఆంగ్ల ప్రభుత్వము హిందువుల వారసత్వమున అంగవైకల్యమువలన కలుగు అనర్హతలను తొలగించినది. కాని పుట్టుకనుండి ఉన్మాదియో బుద్ధిహీనుడో అయినవానిని అపుడును వెలుపలనే నిలిపినది. గ్రుడ్డివాడు, కుంటివాడు లోనికి వచ్చిరి; జడుడు గుమ్మము బయటనే యుండెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 28వ సెక్షను ఏ వ్యాధి, ఏ లోపము, ఏ వైకల్యమును వారసత్వమునకు అడ్డుకాదని చెప్పినప్పుడుగాని వానికి అంశము రాలేదు. వచ్చిన పిమ్మట మరియొక చిక్కు. పొలము వాని పేరనే యుండును. వ్రేలిముద్ర యెవరో చేయిపట్టుకొని వేయింతురు.

ముస్లిముల ధర్మములో ఈ చిక్కునకు పాత సమాధానమొకటి కలదు. ఖురాను గ్రంథమున నిసా అధ్యాయము ఆరంభమున, తెలివి చాలనివారి చేతికి ధనము నీయక, ఆ ధనమునుండియే వారికి అన్నవస్త్రముల నిచ్చి, వారితో మంచిగ మాటలాడవలెనని యున్నది. ఆ చివరి విధి, మంచిగ మాటలాడుట, ఏ చట్టముచేతను చేయింపరానిది గనుక, దానిని చెప్పుకొన్న గ్రంథమునందు నాకు విశేషమైన గౌరవము.

మన దేశమున 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టము ఇట్టి సంరక్షణకు ఏర్పాటు చేసినది. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి ఇది వర్తించును. పెక్కుమంది తలిదండ్రులు ఎరుగని విషయమొకటి యిచట చెప్పవలెను: బిడ్డకు 18 ఏండ్లు నిండినచో, వాని బుద్ధి మూడేండ్ల పిల్లవానిదే యైనను, తల్లిదండ్రులు చట్టము దృష్టిలో సహజసంరక్షకులు కారు. జిల్లాలో కలెక్టరు, ఒక నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు సభ్యులుగ నుండు స్థానిక కమిటీకి అర్జీ పెట్టుకొని సంరక్షకత్వము పొందవలెను. సంరక్షకుడైనవాడు ఆరు నెలలలో బిడ్డ స్థిరచరాస్తుల పట్టికను దాఖలు చేయవలెను. ఏటేట లెక్క చూపవలెను. నిర్లక్ష్యము చేసినచో తొలగింపబడును. భరతుని అన్నలకు ఇట్టి కమిటీ యొక్కటి యెదుట లెక్క చెప్పవలసివచ్చియున్నచో మాడు సంగతి బయటపడియుండును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మరియొక అడుగు ముందుకు వేసి, సంరక్షకుడు ఆ వ్యక్తితో సంప్రదించి, వాని ఇష్టము ననుసరించి, నిర్ణీతమైన పనికి నిర్ణీతకాలము మాత్రమే నిర్ణయము చేయవలెననినది. జడునకును ఇష్టమొకటి యుండునని శాసనము ఒప్పుకొనుట చిన్న మార్పు కాదు.

ఇక నేర్పు మాట. చెన్నపట్టణమున మధురం నారాయణన్ కేంద్రము శిశువులకొరకు నిర్మించుకొన్న శిక్షణక్రమమునకు ‘ఉపనయన్’ అని పేరు. కదలిక, తనపని తాను చేసికొనుట, భాష, గ్రహణము, నలుగురితో మెలగుట అను విభాగములలో తల్లియే ప్రక్కన కూర్చుండి బిడ్డకు నేర్పును. భరతుని తండ్రి వసంత గ్రీష్మములలో చేసిన పనియే యిది. ఆయన మంత్రముతో నారంభించెను, వీరు బొత్తాము పెట్టుకొనుటతో నారంభింతురు, అందుచేత వీరికి ఫలము దక్కుచున్నది. మన హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968నుండి ఈ పనిలో నున్నది. 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగర్‌న కేంద్రప్రభుత్వము జాతీయసంస్థను నెలకొల్పి, ఉపాధ్యాయులకును తలిదండ్రులకును శిక్షణ నిచ్చుచున్నది. మండలములలో భవిత కేంద్రములును, జిల్లా ఆసుపత్రులలో సత్వర చికిత్సాకేంద్రములును కలవు. వైకల్యమును ధ్రువపరచు సదరం సర్టిఫికెట్టు ఉన్నవారికి పింఛను కలదు. నిరామయ యను బీమా ఏటికి లక్ష రూపాయలవరకు చికిత్సకును, థెరపీకిని ఇచ్చును. ఇవి చాలునా యన్నచో చాలవు. సదరం శిబిరమునకు ఎదిగిన కొడుకును భుజమున మోసికొని వచ్చిన తల్లిని ఎవరైనను చూచియుందురు.

ఆ తల్లి సంగతియే మన శాస్త్రములు మరచినది. అమెరికా తత్త్వవేత్త ఈవా ఫెడర్ కిటే, తీవ్రమైన బుద్ధివైకల్యము గల కుమార్తెను పెంచుకొన్న తల్లి, 1999లో వెలువడిన తన గ్రంథమున, ఇతరులపై ఆధారపడినవారిని పోషించువారు తాము కూడ ఆధారహీనులగుదురనియు, పోషకులను పోషించుట సమాజన్యాయములో భాగమనియు వాదించినది. బుద్ధియే మనుష్యత్వమునకు ప్రమాణమనిన పాశ్చాత్య దర్శనమునకు ఆమె యింటినుండి వచ్చిన సమాధానమిది. మన గృహస్థధర్మమున అతిథికి, పితరులకు, కాకికి, కుక్కకు భాగమున్నది. ఇరువదియేండ్లు ఒక్కపూట విశ్రాంతి లేక బిడ్డను చూచుకొన్న తల్లికి భాగము లేదు. ఆమె ఒక పెండ్లికి పోయిరావలెనన్న బిడ్డను నాలుగు గంటలు ఎవరి యొద్ద నుంచును?

ఈ ప్రశ్నకు దేవాలయములు, మఠములు, చర్చీలు, దర్గాలు సులభముగ సమాధానమీయగలవు. వానికి స్థలమున్నది, అన్నదానసత్రములున్నవి, సేవకు వచ్చు జనమున్నారు. ఒక గది, ఇద్దరు శిక్షణ పొందిన ఆయాలు, వారమునకు రెండు పూటలు. ఇంతకు మించి యడుగుటలేదు. తిరుమలలో వృద్ధులకు, వికలాంగులకు వేరుగ దర్శనమున్నది, సంతోషమే. కాని ఊరి గుడిలో పూజాసమయమున పెద్దగ కేకవేసిన పిల్లవానిని చూచి తలలు త్రిప్పి మొగము చిట్లించు భక్తులకు, వాని కేకయే వాని స్తోత్రమని ధర్మకర్తలు చెప్పవలెను. చెప్పుటకు జంకుదురేని పురాణకాలక్షేపమున రహూగణుని ఘట్టమును ఈ ఒక్క యేడు మాని, ఆ తండ్రి గాయత్రి నేర్పిన ఘట్టమును చెప్పింపవలెను.

మీ యింటనో, మీ వీధినో 18 నిండిన యిట్టి బిడ్డ యుండినచో, వచ్చు సోమవారము కలెక్టరు కచేరీలో వికలాంగుల సంక్షేమశాఖ సహాయసంచాలకుని కలిసి, సంరక్షకత్వపు అర్జీ యెట్లు పెట్టవలెనో అడుగుడు. తల్లిదండ్రులిద్దరును తిరుగుచుండగనే, వారి తరువాత నిలువదగిన వ్యక్తిని వెంటబెట్టుకొని పోయి అడుగుడు.